పూస కడితేనే చేవ

విమానాల షెడ్డులో ఒక మెకానిక్ నిచ్చెన మీద నిలబడి పనిచేస్తున్నాడు. చేతిలోంచి స్పానర్ జారింది. కింద కార్బన్ నారతో చేసిన రెక్క. టక్కుమని ఒక్క చప్పుడు. దిగివచ్చి చూస్తే రంగు కూడా లేవలేదు. వేలితో తడిమినా గుంట ఉందో లేదో తెలియదు. అల్యూమినియం రెక్కయితే సొట్ట పడేది, ఆ సొట్టే ఇక్కడ దెబ్బ తగిలిందని చెప్పేది. కార్బన్ రెక్క అలా చెప్పదు. దెబ్బ పైన పడుతుంది, గాయం లోపల అవుతుంది. ఒకదాని మీద ఒకటి పేర్చిన పొరల మధ్య జిగురు వీడి, పైకి ఏమీ తెలియకుండానే లోపల పొరలు విడిపోతాయి. ఆ తరవాత రెక్క మీద నొక్కుడు బలం పడినప్పుడు, విడిపోయిన పొరలు విడివిడిగా వంగిపోతాయి. విమాన ఇంజనీర్లను ఏళ్ల తరబడి కలవరపెట్టిన దెబ్బ ఇది. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు కూడా అలాంటిదే: కంటికి కనీకనపడని దెబ్బ.

ఆ పొరలను పట్టి ఉంచే జిగురు పేరు ఎపాక్సీ రెసిన్. బోయింగ్ 787 విమానం బరువులో దాదాపు సగం ఇలాంటి నార-రెసిన్ మిశ్రమమే. మన తేజస్ యుద్ధవిమానం చట్రం బరువులో సుమారు 45 శాతం అదే. అనంతపురం గుట్టల మీద తిరిగే గాలిమరల వంటి వాటి రెక్కల్లో, సెల్‌ఫోన్ విప్పితే కనిపించే ఆకుపచ్చ పలకలో, హార్డ్‌వేర్ కొట్లో రెండు ట్యూబులుగా అమ్మే జిగురులో ఉండేది ఈ జాతి రెసినే. లోహాన్ని పట్టుకుంటుంది, గాజును పట్టుకుంటుంది, నీటికీ నూనెకూ లొంగదు. ఇన్ని గుణాలున్న దానికి పుట్టుకతో వచ్చిన లోపం ఒక్కటి. అది పెళుసు.

ఇక్కడ ఒక మాట తేల్చుకుని ముందుకు వెళ్లాలి. గట్టిగా ఉండటం వేరు, విరగకుండా ఉండటం వేరు. గాజు గట్టిది, గోటితో గీస్తే గీత పడదు, అయినా చేయి జారితే ముక్కలు. గొడ్డలి కామకు కర్ర ఏరేవాళ్లు గట్టితనం ఒక్కటే చూడరు. దెబ్బ పడినప్పుడు దాన్ని తనలో ఇముడ్చుకోగల కర్ర కావాలి. అలాంటి కర్రకు చేవ ఉందంటారు. పదార్థ శాస్త్రంలో టఫ్‌నెస్ అనే గుణానికి ఇంతకన్నా దగ్గరి మాట నాకు దొరకలేదు. కాబట్టి ఈ వ్యాసంలో పగులుకు లొంగని గుణాన్ని చేవ అనే అంటాను.

ఎపాక్సీ అణువు కొసలో ఒక చిన్న త్రికోణం ఉంటుంది. రెండు కార్బన్లు, ఒక ఆక్సిజన్. మామూలుగా 109 డిగ్రీల దగ్గర ఉండాల్సిన బంధకోణం ఇక్కడ 60 డిగ్రీలకు వంగిపోయి ఉంటుంది. లాగి పట్టిన వింటిలాంటి స్థితి అది. రెసిన్‌ను గట్టిపరచడానికి కలిపే హార్డెనర్‌లోని అమీన్ గుంపు తగిలితే త్రికోణం తెరుచుకుని దానితో చేయి కలుపుతుంది. ఒక్కో రెసిన్ అణువుకు కనీసం రెండు కొసలు, ఒక్కో హార్డెనర్ అణువుకు నాలుగో ఆపైనో చేతులు. అందుకే అవి గొలుసుగా మాత్రమే సాగవు, అన్ని దిక్కులా అల్లుకుంటాయి. పని ముగిసేసరికి గిన్నెలో ఉన్నదంతా ఒకే వల, ఒక లెక్కన ఒకే మహా అణువు. ఇక అది కరగదు, వేడిచేసినా మెత్తబడుతుందే గాని పారదు. ఈ క్రమంలో నీళ్లూ ఆవిరీ బయటికి రావు, పెద్దగా కుంచించుకుపోదు కూడా. అతుకుకు ఇంతకన్నా ఏం కావాలి?

స్విట్జర్లాండ్‌లో పియేర్ కాస్టాన్ 1930ల చివర్లో ఈ రెసిన్‌ను దంతవైద్యం కోసం తయారుచేశాడు. అక్కడ అది నిలదొక్కుకోలేదు. సీబా కంపెనీ హక్కులు తీసుకుని 1946లో అరాల్డైట్ పేరుతో జిగురుగా బయటికి తెచ్చింది. ఇంచుమించు అదే కాలంలో అమెరికాలో సిల్వన్ గ్రీన్లీ రంగుల పరిశ్రమ కోసం ఇదే రసాయనం మీద పనిచేశాడు.

వల ఎంత బిగువైతే రెసిన్ అంత గట్టిది, అంత వేడికి ఓర్చేది. పెళుసుదనం వచ్చేది కూడా ఆ బిగువు నుంచే. పాలిథీన్ సంచిని లాగితే అణువుల గొలుసులు ఒకదాని పక్కనుంచి ఒకటి జారతాయి, సంచి సాగుతుంది. ఎపాక్సీలో ప్రతి గొలుసూ పక్కదానితో ముడిపడి ఉంది, జారే దారి లేదు. బలం ఒకచోట పోగుపడితే అక్కడ తెగడమే. పగులు ఎందుకు, ఎప్పుడు సాగుతుందో మొదట లెక్కగట్టినవాడు ఇంగ్లండ్‌కు చెందిన ఎ.ఎ. గ్రిఫిత్. ఆయన 1921లో అచ్చయిన తన పరిశోధనకు గాజునే ఎంచుకున్నాడు. పగులు ముందుకు జరిగితే కొత్త తలం పుడుతుంది, దానికి శక్తి ఖర్చు పెట్టాలి. ఆ ఖర్చు ఎంత ఎక్కువైతే పదార్థానికి అంత చేవ. గాజులో చదరపు మీటరు పగులుకు పది జౌళ్ల చుట్టుపక్కల చాలు. మామూలు ఎపాక్సీకి నూరు, రెండు నూర్లు. మెత్తని ఉక్కుకు లక్ష దాకా పోతుంది. అంటే పగులు లెక్కలో మన ఎపాక్సీ ఉక్కుకన్నా గాజుకే చాలా దగ్గరి చుట్టం.

పెళుసుదాన్ని బాగుచేయాలంటే ఎవరికైనా తట్టే ఆలోచన, అందులో మెత్తనిదేదో కలపడం. ఆలోచన తప్పు కాదు. కానీ ఎలా కలపాలన్నదే అసలు విషయం. నా దృష్టిలో ఈ కథలో అందమంతా అక్కడే ఉంది.

1960ల చివర్లో అమెరికాలోని ఎంఐటీలో ఫ్రెడరిక్ మెక్‌గ్యారీ బృందం ఎపాక్సీలో ఒక ద్రవ రబ్బరును కలిపి చూసింది. బ్యూటాడయీన్, ఆక్రిలోనైట్రైల్ అనే రెండు రసాయనాలతో కట్టిన పొట్టి గొలుసులు అవి. గొలుసుకు రెండు కొసల్లోనూ కార్బాక్సిల్ అనే ఆమ్ల గుంపు. పరిశ్రమలో దీన్ని సీటీబీఎన్ అంటారు. 100 పాళ్ల రెసిన్‌కు పది, పదిహేను పాళ్లు. కలిపినప్పుడు కనిపించేది తేటగా ఉన్న, తేనెరంగు ద్రవం. రబ్బరు పూర్తిగా కరిగిపోయింది. హార్డెనర్ పోసి వేడి చేస్తూ చూస్తూ ఉంటే, ఒక దశలో ఆ తేటదనం పోయి ద్రవం పాలలా మారుతుంది. రెసిన్ పెళుసుదనాన్ని వదిలించే పని ఆ తెల్లబడటంతోనే మొదలవుతుంది.

ఏం జరిగిందో తెలుసుకోవాలంటే నెయ్యి గిన్నెలోకి చూస్తే చాలు. కాచిన నెయ్యి వేడిగా ఉన్నప్పుడు తేటగా, అంతా ఒకటిగా ఉంటుంది. చల్లారుతున్నకొద్దీ అందులో ఒక భాగం ఇక కరిగి ఉండలేక విడిపడి పూసలు కడుతుంది. తీరిగ్గా చల్లారితే పెద్ద పూస, తొందరగా చల్లారితే సన్న పూస. ఎపాక్సీలో రబ్బరు కూడా అలాగే పూస కడుతుంది. ఇక్కడ కారణం చల్లారడం కాదు, రెసిన్ అణువులు పెరగడం. రెసిన్ చిన్న చిన్న అణువులుగా ఉన్నంతసేపు వాటి నడుమ రబ్బరు గొలుసులకు చోటుంది. తిరనాళ్లలో ఎవరికి వారుగా తిరిగే జనంలో కొత్తవాళ్లు సులువుగా కలిసిపోతారు. ఆ జనమంతా చేతులు పట్టుకుని వలయాలు కట్టడం మొదలుపెడితే కొత్తవాళ్లు పక్కకు జరగాల్సిందే, జరిగినవాళ్లు ఒకచోట గుమిగూడాల్సిందే. వల అల్లుకుంటున్నకొద్దీ రబ్బరు అలా పక్కకు నెట్టబడి గోళాలుగా చేరుతుంది. ఒక్కో గోళం ఒకటి నుంచి ఐదు మైక్రాన్లు. మన తలవెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు.

ఇంతలో రెసిన్ గడ్డకడుతుంది. ఆ క్షణం తరవాత పూసలు పెరగలేవు, ఉన్నవి ఉన్నచోట ఇరుక్కుపోతాయి. గడ్డకట్టడం ముందో పూసకట్టడం ముందో అన్న పోటీ మీదే అంతా ఆధారపడి ఉంది. రెసిన్ మరీ త్వరగా గడ్డకడితే రబ్బరు విడిపడటానికి వ్యవధి చాలదు. అందుకే ఈ పనిలో ఉన్నవాళ్లకు వేడి ఎంత, ఎంతసేపు అన్నవి రసాయనమంత ముఖ్యం. రబ్బరులో ఆక్రిలోనైట్రైల్ పాలు పెంచితే అది ఎపాక్సీలో మరింత హాయిగా కరుగుతుంది, ఆలస్యంగా విడిపోతుంది, పూస సన్నమవుతుంది. మరీ పెంచితే విడిపోనే పోదు. తగ్గిస్తే మొదటే కలవదు. కొసల్లోని ఆమ్ల గుంపుల పని ఇంకోటి. అవి ఎపాక్సీతో బంధం కట్టి, పూసను చుట్టూ ఉన్న వలకు కుట్టేస్తాయి. విడిపోయి కూడా తెగిపోకుండా ఉండాలి.

ఇలా తయారైన రెసిన్‌కు చేవ పది రెట్లు, అనుకూలమైన వలల్లో ఇంకా ఎక్కువ పెరిగింది. చదరపు మీటరుకు నూర్లలో ఉన్న జౌళ్లు వేలల్లోకి వచ్చాయి. పదో వంతు రబ్బరు ఇంత మార్పు ఎలా తెచ్చింది?

రబ్బరు పూసలు పగులు రెండు ఒడ్డులనూ పట్టుకుని వంతెనల్లా సాగి, దాన్ని తెరుచుకోనివ్వవన్నది తొలినాళ్ల వివరణల్లో ఒకటి. వినడానికి బాగుంది. కానీ ఆ మెత్తని పూసలను సాగదీయడానికి పట్టే శక్తిని లెక్కవేస్తే, కొలతలో వచ్చిన దాంట్లో కొద్ది భాగమే తేలింది. మిగతా శక్తి ఎక్కడికి పోతోందో 1980ల్లో ఇంగ్లండ్‌లో ఆంథొనీ కిన్‌లాక్, అమెరికాలో ఆల్బర్ట్ యీ, రేమండ్ పియర్సన్ వంటివాళ్లు వెతికి పట్టుకున్నారు. విరిగిన ముక్కల అంచును ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెడితే పూసలు ఉండాల్సిన చోట గుంటలున్నాయి. ఆ గుంటలు అసలు పూసలకన్నా పెద్దవి. అంటే పూసలు పగులును ఆపి నిలబడలేదు. పగులు రాకముందే అవి లోలోపల చిరిగిపోయాయి.

ఇది మొదట విన్నప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు. కాపాడటానికి పెట్టింది ముందే చిరిగిపోతే కాపాడటం ఎలా? పగులు కొస దగ్గర పదార్థం ఒక్క దిక్కుకే లాగబడదు. పైకీ పక్కలకూ ముందుకూ అన్నివైపులా ఒకేసారి లాగబడుతుంది. ఏ పదార్థమైనా సాగాలంటే, జారాలంటే ఆకారం మారాలి. అన్నివైపులా లాగి పట్టినదానికి ఆకారం మారే వెసులుబాటు లేదు. ఎపాక్సీకి కొంచెం సాగే శక్తి నిజానికి ఉంది, కానీ ఈ బిగింపులో అది బయటపడదు. ఇక రబ్బరు సంగతి. దాన్ని లాగితే పొడవవుతుంది, నొక్కితే చదునవుతుంది, కానీ దాని మొత్తం ఘనపరిమాణం మాత్రం మారదు. అన్నివైపులా ఒకేసారి లాగితే అది ఉబ్బలేదు. చివరికి లోపల ఒకచోట చిట్లుతుంది. చిట్లిన క్షణంలో ఆ చుట్టుపక్కల బిగింపు సడలుతుంది. అంతదాకా కదలలేని రెసిన్, గుంటకూ గుంటకూ మధ్య ఉన్న సన్నని గోడల్లో, ఏటవాలుగా జారడం మొదలుపెడుతుంది. లక్షల గుంటలు, లక్షల గోడలు, ప్రతి గోడా జారుతూ శక్తిని తాగుతుంది. పగులు కొస మొద్దుబారుతుంది. విరిచిన ముక్క అంచున సుద్ద పూసినట్టు తెల్లని పట్టీ కనిపిస్తుంది. ఆ గుంటల మీద వెలుతురు చెదరడం వల్ల వచ్చే తెలుపది. మార్పు చేయని ఎపాక్సీ ముక్కలో ఆ చోటు గాజు పెంకులా నున్నగా మెరుస్తుంది.

1996లో బఘేరీ, పియర్సన్ ఈ విషయాన్ని తేల్చే ప్రయోగం ఒకటి చేశారు. రబ్బరు బదులు లోపల ఖాళీగా ఉన్న బోలు గుళికలను ఎపాక్సీలో కలిపారు. చేవ దాదాపు రబ్బరు పూసలతో పెరిగినంతే పెరిగింది. అంటే శక్తిని మింగుతున్నది ఎపాక్సీయే, రబ్బరు చేసింది దానికి దారి ఇవ్వడమే. సాగే గుణం రెసిన్‌లో మొదటినుంచీ ఉంది.

అందుకే రబ్బరు పూస కట్టకుండా కరిగే ఉండిపోతే లాభం లేదు. వలలో ప్రతిచోటా కాస్త కాస్త మెత్తదనం చేరి, రెసిన్ మొత్తం వదులవుతుంది, వేడికి త్వరగా మెత్తబడుతుంది. చేవ మాత్రం అంతగా పెరగదు. అలా కావాలనే వదులు చేసే రెసిన్లు లేకపోలేదు, వాటిని తక్కువగా చూడటం సరికాదు. ఓడ అడుగుకు వేసే రంగు, ఇనుము వేడికి వ్యాకోచించినప్పుడల్లా దానితోపాటు కదలాలి. అక్కడ పాలీసల్ఫైడ్ రబ్బరు కలుపుతారు, లేదా నూనెగింజల కొవ్వు ఆమ్లాలతో చేసిన పాలీఅమైడ్ హార్డెనర్ వాడతారు. జీడిగింజ పెంకులోంచి తీసే నూనె కూడా ఈ పనికి వస్తుంది. పలాసలో జీడిపప్పు ఒలిచేవాళ్ల వేళ్లను కాల్చే ఆ నూనె జాతిలోనే కార్డనాల్ ఉంది. ఒక ఫినాల్ వలయం, దానికి 15 కార్బన్ల పొడవాటి తోక. ఆ తోక వల్ల దానితో చేసిన హార్డెనర్లకు సాగుడు, తేమను లెక్కచేయని గుణం వస్తాయి. చలిలో, తడి ఉన్న ఇనుము మీద కూడా గట్టిపడే ఓడ రంగులు వీటితో తయారవుతాయి. పప్పు తీసి పడేసే పెంకుకు ఇంత పని ఉండటం నాకు ఎంతో సంతోషం కలిగించే సంగతి.

విమానానికి మాత్రం ఈ దారి కుదరదు. మండుటెండలో రన్‌వే పక్కన నిలిచిన రెక్క మెత్తబడకూడదు. అందుకోసం విమానాల్లో నాలుగు ఎపాక్సీ కొసలున్న అణువులతో చాలా బిగువైన వలలు అల్లుతారు. అక్కడ రబ్బరు పూసల పద్ధతి కూడా చతికిలపడింది. కారణం పైన చెప్పిన వివరణలోనే ఉంది. పూస చిట్లి దారి ఇచ్చినా, చుట్టూ ఉన్న వల మరీ బిగువైతే జారలేదు. వల ఎంత బిగిస్తే పూసల వల్ల వచ్చే లాభం అంత తగ్గుతుందని పియర్సన్, యీ 1989లో కొలిచి చూపించారు.

అప్పుడు రబ్బరు స్థానంలోకి గట్టి ప్లాస్టిక్కులు వచ్చాయి. పాలీఈథర్‌సల్ఫోన్, పాలీఈథర్‌ఇమైడ్. రెండూ 200 డిగ్రీలు దాటితేగాని మెత్తబడవు కాబట్టి రెసిన్ వేడిని ఓర్చే గుణానికి నష్టం లేదు. ఇంగ్లండ్‌లోని క్రాన్‌ఫీల్డ్‌లో బక్నల్, పార్ట్రిడ్జ్ 1983లోనే వీటిలో మొదటిది ఎపాక్సీలో ఎలా విడిపడుతుందో చూశారు. తొలి ఫలితాలు ఉత్సాహం ఇచ్చేవి కావు, చేవ పెద్దగా పెరగలేదు. తరవాత పాళ్లు పెంచినప్పుడు విడిపడే తీరే మారిపోవడం గమనించారు. తక్కువ ఉంటే ప్లాస్టిక్ పూసలుగా ఉంటుంది. ఇంకా పెంచితే పూసలు కలిసి తీగలై, ఎపాక్సీ, ప్లాస్టిక్ రెండూ ఒకదానిలో ఒకటి అల్లుకున్న రెండు వలలవుతాయి. మరీ పెంచితే తలకిందులై ప్లాస్టిక్ మధ్యలో ఎపాక్సీ పూసలు మిగులుతాయి. రెండూ అల్లుకున్న దశలో పగులుకు ఎటు పోయినా ప్లాస్టిక్ అడ్డం వస్తుంది. ఆ ప్లాస్టిక్‌ను సాగదీసి తెంపితే తప్ప అది ముందుకు పోలేదు. ప్లాస్టిక్ ఎక్కువైనకొద్దీ రెసిన్ చిక్కబడి నారలోకి ఇంకదు, అది ఇంకో తలనొప్పి.

జపాన్‌కు చెందిన టోరే సంస్థ ఇంజనీర్లు వేరే ప్రశ్న వేసుకున్నారు. పొరలు విడిపోయేది పొరకూ పొరకూ మధ్యలోనే అయినప్పుడు, చేవ అంతటా ఎందుకు? నార చుట్టూ మామూలు రెసిన్ ఉంచి, పొరల మధ్య సన్నని చోట మాత్రం ప్లాస్టిక్ రేణువులు నిలిచేలా వాళ్లు పొరలను తయారుచేశారు. రేణువులు నారల సందుల్లో దూరలేనంత పెద్దవి కాబట్టి వాటంతట అవే పొర పైభాగంలో నిలిచిపోతాయి. 3900-2 అనే ఆ రెసిన్ 1995లో రాకపోకలు మొదలుపెట్టిన బోయింగ్ 777 తోకలో, తరవాత 787 రెక్కల్లో, శరీరంలో చేరింది. ఇలాంటి వాటిని పరీక్షించే తీరు మొదట చెప్పిన స్పానర్ కథే. 100 మిల్లీమీటర్ల వెడల్పు, 150 పొడవున్న పలక మీద గుండ్రని కొస ఉన్న బరువును వదులుతారు. తరవాత పలకను నిలబెట్టి రెండు కొసల నుంచి నొక్కుతారు. దెబ్బతిన్నాక ఎంత బరువు మోయగలదన్నదే లెక్క.

నెయ్యిలాగా పూసను గిన్నెలో కట్టించే బదులు, ముందే తయారుచేసిన పూసలను తెచ్చి కలిపే పద్ధతి కూడా ఇప్పుడు బాగా వాడుకలో ఉంది. పూర్ణం బూరె లాంటి కణాలవి. లోపల మెత్తని బ్యూటాడయీన్ రబ్బరు, పైన ఎపాక్సీతో పొసగే ఆక్రిలిక్ తొడుగు, మొత్తం పరిమాణం 100 నానోమీటర్ల అటూఇటూ. పూస ఎంతుండాలో కార్ఖానాలోనే నిర్ణయమైపోతుంది కాబట్టి వేడి మారినా, హార్డెనర్ మారినా తేడా రాదు. రబ్బరు వలలో కరగదు కాబట్టి వేడికి ఓర్చే గుణం దాదాపు చెక్కుచెదరదు. ఉండలు కట్టకుండా రెసిన్‌లో సమంగా చెదరగొట్టడమే కష్టం, అందుకే రెసిన్‌లో ముందే కలిపి అమ్ముతారు. కారు బాడీ రేకులను అతికే ఎపాక్సీలకు చేవ ఇచ్చేది తరచుగా ఇవో, ద్రవ రబ్బరో. ఆ జిగురు రంగు ఆరే ఓవెన్‌లో గట్టిపడుతుంది, గుద్దుకున్నప్పుడు రేకులు నలుగుతాయి గాని అతుకు విడిపోదు.

పూస ఏ రబ్బరుదన్నది చలిలో తేలుతుంది. 11 కిలోమీటర్ల ఎత్తున బయట సున్నాకు దిగువన 56 డిగ్రీలు. సీటీబీఎన్ రకాన్ని బట్టి సున్నాకు దిగువన 40, 50 డిగ్రీల దగ్గరే గాజులా బిగుసుకుపోతుంది. బిగుసుకున్న పూస సకాలంలో చిట్లదు, చిట్లకపోతే దారి లేదు. బ్యూటాడయీన్ రబ్బరు సున్నాకు దిగువన 80 దాకా, సిలికోన్ రబ్బరు 100 దాటి కూడా మెత్తగా ఉంటాయి. చలిలో పనిచేసే రెసిన్లకు బూరెలో పూర్ణం మార్చాల్సి రావడం అందుకే.

ఇంత జరిగాక కూడా, రెక్క మీద ఏదైనా పడిందని అనుమానం వస్తే షెడ్డులో మొదట చేసే పరీక్షల్లో ఒకటి ఇప్పటికీ నాణెంతో తట్టి చూడటం. సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చెవి ఒగ్గినట్టే. బాగున్న చోట ఖంగుమంటుంది, పొరలు వీడిన చోట మొద్దుగా పలుకుతుంది. మెకానిక్ అంగుళం అంగుళం జరుపుతూ తడతాడు. శబ్దం మారిన చోట గుర్తు పెడతాడు, మళ్లీ బాగున్న శబ్దం వచ్చేదాకా వెళ్లి అక్కడ ఇంకో గుర్తు. చుట్టూ అలా గుర్తులు పెట్టి కలిపితే ఒక వలయం వస్తుంది. ఆ తరవాతే అల్ట్రాసౌండ్ యంత్రం తెస్తారు. ఒకే బరువున్న స్పానర్ ఒకే ఎత్తు నుంచి పడితే, పాత పెళుసు రెసిన్ పలక మీద ఆ వలయం పెద్దది. పొరల మధ్య పూసలున్న పలక మీద చిన్నది.